ఏఆర్ కొనే ముందు మ్యూజియంలో ఒకరోజు ఊరికే నిలబడండి

మీ కాలేజీ రజతోత్సవానికి మెడికల్ ఎగ్జిబిషన్ పెడుతున్నారు. అనాటమీ మ్యూజియంలో ఆగ్మెంటెడ్ రియాలిటీ (ఏఆర్, అంటే కెమెరాలో చూస్తున్న చోటే త్రీడీ బొమ్మ తేలేలా చేయడం) ఉండాల్సిందేనని మేనేజ్‌మెంట్ పట్టుబడుతోంది. చేతిలో మూడు నెలల టైముంది. తలకు తొడిగే హెడ్‌సెట్లు కొనాలా, ఫోన్ యాప్ చేయించాలా, ఇంత చేస్తే చూడటానికొచ్చే స్కూలు పిల్లలకు నిజంగా ఏమైనా ఒరుగుతుందా అని అడిగారు.

హెడ్‌సెట్లు వద్దు. ఫోన్ యాప్ కూడా వద్దు. కాలేజీ సొంత ట్యాబులు ఆరు చాలు. పిల్లలకు ఉపయోగం ఉంటుంది, కానీ ఐదారు స్పెసిమెన్ల (జార్లలో దాచిన శరీర భాగాల) దగ్గరే. మిగతా జార్లను వాటి మానాన వదిలేయండి. నా జవాబు ఇంతే. ఎందుకో చెప్పడానికే కాస్త టైము పడుతుంది.

నేను ఇరవై రెండేళ్లుగా అనాటమీ చెబుతున్నాను. అందులో సగం కాలం మ్యూజియం తాళాలు కూడా నా దగ్గరే ఉన్నాయి. రెండు కాలేజీల్లో ఏఆర్ పెట్టించాను. మొదటిది తుస్సుమంది, రెండోది ఇప్పటికీ నడుస్తోంది. ఆ మొదటిదాని సంగతి ముందు చెప్పాలి, మీ ప్లాను చదువుతుంటే నాకు అదే గుర్తొచ్చింది.

అందరిలాగే మేమూ గుండెతో మొదలుపెట్టాం. కొట్టుకునే గుండె మోడల్ ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నాం. జార్ ముందు ఒక ప్రింటెడ్ కార్డు నిలబెట్టాం. ట్యాబు కెమెరా ఆ కార్డును గుర్తుపట్టగానే ఎర్రగా నిగనిగలాడే గుండె గాల్లో తేలి లబ్ డబ్ అంటూ కొట్టుకునేది. పెద్దసారు చూసి మురిసిపోయి ఫొటో దిగారు. ఎగ్జిబిషన్ మొదటిరోజు పదిన్నరకల్లా ఒక హైస్కూలు పిల్లలు బిలబిలమంటూ వచ్చారు. ఎనిమిదో తరగతి కుర్రాడు ఆ కార్డు ఊడబెరికి పక్కవాడి నెత్తిన పెట్టాడు. వాడి నెత్తి మీద గుండె కొట్టుకుంటోంది, చుట్టూ అందరూ పడీపడీ నవ్వుతున్నారు. ఆ రోజంతా ఆ టేబుల్ దగ్గర క్యూ తగ్గలేదు. సాయంత్రం మీటింగులో సూపర్ హిట్ అన్నారు.

ఆ కార్డు వెనక జార్‌లో నిజమైన గుండె ఉంది. ఎడమ వెంట్రికిల్ (కింది గది) గోడ కోసి, లోపలి కవాటాన్ని పట్టి ఉంచే సన్నని దారాలన్నీ విడివిడిగా కనిపించేలా ఎనభైల్లో మా సీనియర్ ఒకాయన చేసిన డిసెక్షన్. అంత ఓపికగా ఇప్పుడెవరూ చేయరు. దానివైపు ఆ రోజు ఒక్కరు కూడా చూడలేదు.

రెండోరోజు మా ఫస్టియర్ అమ్మాయి ఒకతె వచ్చి, "సార్, ఇందులో ఏట్రియమ్, వెంట్రికిల్ ఒకేసారి ముడుచుకుంటున్నాయి" అంది. చూస్తే నిజమే. ముందు పై గదులు, లిప్తపాటు ఆగి కింది గదులు ముడుచుకోవాలి. మేం కొన్న గుండె రబ్బరు బంతిలా మొత్తంగా ముడుచుకుని వదులుతోంది. వారం రోజులుగా ముగ్గురు ప్రొఫెసర్లం దాన్ని చూస్తూనే ఉన్నాం, ఒక్కరికీ తట్టలేదు. బొమ్మ అందంగా ఉంటే కన్ను అలాగే మోసపోతుంది. ఆ పూటే ట్యాబు కట్టేశాను.

అప్పటినుంచి నేను పెట్టుకున్న పరీక్ష ఒక్కటే. ట్యాబు దించాక ఆ మనిషి మళ్లీ జార్ వైపు చూశాడా లేదా? చూస్తే ఆ ఏఆర్ పని చేసినట్టు. చూడకపోతే మనం పెట్టింది వీడియో గేము.

ఉన్నదాన్ని బొమ్మ మింగేసే ఈ బాధ మనకే వచ్చింది లెండి, పాతవాళ్లకు లేదు. ఫ్లోరెన్స్‌లో లా స్పెకోలా మ్యూజియాన్ని 1775లో జనానికి తెరిచినప్పుడు అందులో మైనపు శరీరాలు పెట్టారు. కొన్నిటికి పొట్ట మీది భాగాన్ని మూతలా తీసి, లోపలివి పొర తర్వాత పొర బయటికి తీయొచ్చు. అవి చూసి ముచ్చటపడిన రెండో జోసెఫ్ చక్రవర్తి వియన్నాలో తన సైన్యం సర్జన్ల చదువు కోసం వెయ్యికి పైగా మైనపు నమూనాలు చేయించి, కంచరగాడిదల మీద ఆల్ప్స్ కొండలు దాటించి తెప్పించుకున్నాడు. అవి ఇప్పటికీ అక్కడి జోసెఫినమ్‌లో ఉన్నాయి. వాళ్లకు శవం నిలవుండేది కాదు, అందుకని బొమ్మ కావాల్సి వచ్చింది. మన దగ్గర అసలుదే ఉంది. బొమ్మ దానికి ఊడిగం చేయాలి గానీ దాని కుర్చీలో కూర్చోకూడదు.

అందుకని మొదటి పని కొనుగోలు కాదు. ఒక నోట్‌బుక్ పట్టుకుని మ్యూజియంలో ఒకరోజు ఊరికే నిలబడండి. నర్సింగ్ పిల్లలు వస్తారు, పేషెంట్ల బంధువులు తోవ తప్పి వస్తారు, ఇంటర్ పిల్లలు వస్తారు. ఏ జార్ దగ్గర ఏమడిగారో రాసుకోండి. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే, "ఇది నిజందేనా?" రెండోది, "ఎవరిదండీ?" ఈ రెండింటికీ ఏ ట్యాబూ జవాబు చెప్పలేదు, పక్కన మనిషి ఉండాల్సిందే. పైగా మెరిసే బొమ్మను పక్కన పెడితే ఫార్మలిన్‌లో (కుళ్లకుండా ఉంచే ద్రవంలో) పాలిపోయిన అసలుదే నకిలీలా కనిపిస్తుంది. ఇలాంటి జార్ల దగ్గర ఏఆర్ పెట్టకండి. వీలుంటే బెంగళూరు వెళ్లి నిమ్‌హాన్స్ బ్రెయిన్ మ్యూజియం చూసి రండి. గ్లౌజులు తొడిగి నిజం మెదడును చేతిలో పెడతారు. ఆ బరువు అరచేతికి తెలిశాక ఇక చెప్పాల్సింది పెద్దగా ఉండదు. దానికి టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు, ఒక జత గ్లౌజులు తప్ప.

ఇక మూడో రకం ప్రశ్నలు. నా నోట్‌బుక్‌లో ఎక్కువసార్లు వచ్చింది, ముంజేయి డిసెక్షన్ దగ్గర అడిగేది: "ఇందులో నరం ఏది సార్?"

తెలుగులో నరం అన్న మాట ఎన్ని పనులు చేస్తుందో ఆలోచించండి. సెలైన్ ఎక్కించడానికి "నరం దొరకట్లేదు" అంటాం, అది వెయిన్. ఆర్ఎంపీ మణికట్టు పట్టుకుని "నరం" చూస్తాడు, అది ఆర్టరీ. "నడుములో నరం నొక్కుకుపోయింది" అంటాం, అది నర్వ్. కత్తి తగిలి వేలు ముడవలేకపోతే "నరం తెగింది" అంటాం, అది చాలాసార్లు టెండన్, కండను ఎముకకు కట్టే తాడు. పుస్తకంలో వీటికి వరసగా సిర, ధమని, నాడి, స్నాయుబంధనం అని నాలుగు మాటలున్నాయి, పరీక్ష అయిపోయాక అవి ఎవరి నోటా రావు. జార్‌లో చూస్తే ఆ నాలుగూ ఒకే రంగులో, ఉడకబెట్టిన సేమ్యాల్లా కనిపిస్తాయి. మరి అడగరా?

మోచేతి మడత దగ్గర ఈ నాలుగూ బెత్తెడు చోట్లో ఉంటాయి. చర్మం కిందే రక్తం తీసే వెయిన్. దాని కింద బైసెప్స్ (పై చేతి కండ) టెండన్ నుంచి వచ్చే పల్చటి గట్టి పొర. ఆ పొర కింద, లోపలి వైపు నుంచి బయటికి వరసగా మీడియన్ నర్వ్, బ్రేకియల్ ఆర్టరీ, బైసెప్స్ టెండన్. సూది కాస్త లోతుకు దిగినా ఆర్టరీకి తగలకుండా ఆ పొరే అడ్డం పడుతుంది. పాతకాలం యూరప్‌లో రక్తం వదిలించే వైద్యం చేసే మంగలి సర్జన్లు దాన్ని "దేవుడి దయ" అనేవారట.

రెండో కాలేజీలో మేం ఏఆర్ పెట్టింది మొట్టమొదట ఇక్కడే. ట్యాబులో నాలుగే బటన్లు. వాటి మీద శాస్త్రీయ నామాలు లేవు: "సూది గుచ్చే నరం", "కొట్టుకునే నరం", "తిమ్మిరెక్కే నరం", "లాగే నరం". ఒకటి నొక్కితే అదొక్కటే రంగులో వెలిగి, మిగతావి మసగ్గా అయిపోతాయి. కింద చిన్న అక్షరాల్లో అసలు పేరు. వాలంటీరు కుర్రాడు ముందు తన చేతికి టోర్నికే (బిగించే పట్టీ) కట్టి ఉబ్బిన వెయిన్ చూపిస్తాడు. తర్వాత పిల్ల చేత ఆమె మోచేతి మడతలోనే కొట్టుకునేదాన్ని వేలితో వెతికిస్తాడు. చెయ్యి కాస్త మడిచి బిగించమంటే తాడులా లేచేదాన్ని పట్టిస్తాడు. ఆ తర్వాతే జార్, ఆ తర్వాత ట్యాబు, మళ్లీ జార్, చివరకు మళ్లీ సొంత చెయ్యి. ట్యాబు చేతిలో ఉండేది నలభై సెకన్లకు మించదు. ఆ నలభై సెకన్ల తర్వాత పిల్లలు జార్‌కి ముక్కు ఆనించి "అదిగో, కొట్టుకునే నరం" అని వేలు పెట్టి చూపిస్తారు. అంతకు ముందు సేమ్యాల్లా ఉన్నవే ఇప్పుడు విడివిడిగా కనిపిస్తున్నాయి. నేను చెప్పిన పరీక్షలో ఇది పాసయింది.

రెండోది మన ప్రాంతం ఎముక. మా మ్యూజియంలో ఫ్లోరోసిస్ వచ్చిన వెన్నెముక ఒకటుంది. మీ దగ్గరా ఉండే అవకాశం ఉంది, లేకపోతే పాత కాలేజీల నుంచి ఎక్స్‌రేలైనా దొరుకుతాయి. ఫ్లోరోసిస్ అనగానే అందరికీ నల్లగొండ గుర్తొస్తుంది కానీ, మన దేశంలో ఈ జబ్బు గురించి మొదట రాసింది 1937లో, నెల్లూరు జిల్లాలో చూసి. తాగేనీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒకటి, మరో దారి లేకపోతే ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదని మన ప్రమాణం. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండాల్సిన బంధనాలు కూడా ఎముకగా మారి, వెన్నెముక మొత్తం ఒకే కర్రలా అతుక్కుపోతుంది. వెన్నుపాము నడిచే సందు కూడా సన్నబడుతుంది. జార్‌లోనో స్టాండు మీదో అది చూస్తే మాత్రం కాస్త గరుకుగా, బరువుగా ఉన్న మామూలు వెన్నెముకే. జబ్బు ఉన్నది దాని కదలికలో, కదలిక అద్దాల బీరువాలో కనిపించదు.

అందుకని అక్కడ ఏఆర్‌లో రెండు వెన్నెముకలు నిలబెట్టాం. "వంగు" అన్న బటన్ నొక్కితే మంచిది పూస పూసా విడుతూ విల్లులా వంగుతుంది. రెండోది తుంటి దగ్గర్నుంచి కర్రలా ఒరుగుతుంది, అంతే. ఒకసారి నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ బటన్‌ను నాలుగైదుసార్లు నొక్కించుకుని చూసి, "మా ఆయన చెప్పులు తొడుక్కోడానికి ఇట్లనే చేసెటోడు సారూ" అంది. ఆ తర్వాత ఆమె అడిగిన ప్రశ్నలన్నీ నీళ్ల గురించే. ఆ టేబుల్ మీద నీటిలో ఫ్లోరైడు చూసే కిట్టు ఒకటి పెట్టాలని నాకు అప్పుడు తట్టింది. ఇప్పుడు పెడుతున్నాం.

మూడో ఉదాహరణ క్లుప్తంగా. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో బ్రిటిష్ డాక్టరు రొనాల్డ్ రాస్ ఒక దోమ కడుపు గోడలో మలేరియా క్రిమి పెరగడం చూశాడు. ఆ దోమను కుట్టించుకున్న పేషెంటు హుస్సేన్ ఖాన్‌కు దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది, రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. మన పిల్లలకు ఈ కథ చెబుతాం గానీ, ఆయన చూసిందేమిటో చూపించం. ఆయన చూసిన ఆ గుండ్రటి కణం మిల్లీమీటరులో వందో వంతు కంటే కాస్త పెద్దది, అంతే. దోమను టేబుల్ అంత పెద్దది చేసి, పొట్ట తెరిచి, కడుపు గోడ మీద ఆ బుడిపెలు చూపించడానికి ఏఆర్‌ను మించింది లేదు. పక్కన మాత్రం మైక్రోస్కోపు కింద నిజం స్లైడు ఉండాలి. ట్యాబులో చూశాక స్లైడులో వెతుక్కోవాలి.

ఇక చేసేటప్పుడు ఎక్కడ తన్నుకుంటుందో చెబుతాను.

గుండ్రటి జార్ మీద బొమ్మ అతికించాలని చూడకండి. మేం రెండు వారాలు దీనితోనే కొట్టుకున్నాం. సీటీ స్కాన్ నుంచి చేసిన మోడల్ కొలతల్లో కచ్చితంగా ఉంది, అయినా జార్‌లోని స్పెసిమెన్ మీద కూర్చోదు, పక్కలకు చాలదు. ట్యాబు తప్పేమో, సాఫ్ట్‌వేర్ తప్పేమో అని తలలు పట్టుకున్నాం. చివరకు తేలింది ఏమిటంటే, ద్రవం నిండిన గుండ్రటి జార్ భూతద్దం లాంటిది. మధ్యలో ఉన్న వస్తువును అడ్డంగా దాదాపు మూడో వంతు వెడల్పు చేసి చూపిస్తుంది, నిలువుగా మాత్రం మార్చదు. అంటే మేం ఇన్నేళ్లుగా పిల్లలకు లావుపాటి కిడ్నీలు చూపిస్తున్నామన్నమాట. పలకల పెర్‌స్పెక్స్ (గాజులాంటి ప్లాస్టిక్) జార్‌లో ఈ సాగుడు ఉండదు, వస్తువు కాస్త ముందుకు జరిగినట్టు మాత్రం కనిపిస్తుంది. అందుకని బొమ్మను జార్ మీద కాకుండా పక్కన, అదే కోణంలో, అదే సైజులో నిలబెట్టండి. కన్ను రెండింటి మధ్య తిరుగుతూ పోల్చుకుంటుంది. నిజానికి నేర్చుకోవడం జరిగేది ఆ పోల్చుకోవడంలోనే.

కెమెరా గుర్తుపట్టాల్సిన కార్డును మెరిసే లామినేషన్ చేయించకండి. ట్యూబ్‌లైటు దాని మీద పడితే కెమెరాకు తెల్లటి పట్టీ తప్ప ఇంకేమీ కనిపించదు. మ్యాట్ లామినేషన్ అడగండి. కార్డు మీద కాలేజీ లోగో ఒక్కటే వేస్తే పనికిరాదు. మూలలు, గీతలు, తేడాలు బోలెడన్ని ఉన్న బొమ్మ కావాలి, ఒకే డిజైను మళ్లీ మళ్లీ వచ్చేది వద్దు. మేం పాత గ్రే అనాటమీ బొమ్మల లాంటి గీతల చిత్రాన్ని మా స్టూడెంటు చేత గీయించి పెట్టాం, ఇప్పటిదాకా తప్పలేదు. కార్డును స్క్రూలతో బిగించండి, నెత్తిన పెట్టుకునే కుర్రాళ్లు ప్రతి స్కూల్లోనూ ఉంటారు.

పిల్లల ఫోన్లతోనే నడిపిద్దాం, క్యూఆర్ కోడ్ పెడితే చాలు అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. మ్యూజియాలు గ్రౌండ్‌ఫ్లోర్లో, మందపాటి గోడల మధ్య ఉంటాయి, సిగ్నల్ ఉండదు. మూడొందల మంది ఒకేసారి వైఫైకి ఎగబడితే చక్రం తిరుగుతూనే ఉంటుంది. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి ఏఆర్ రానే రాదు. అన్నీ ముందే లోడు చేసిన సొంత ట్యాబులు, నెట్ లేకుండా నడిచేవి, టేబుల్‌కి గొలుసుతో కట్టినవి, ప్రతి టేబుల్ దగ్గర ఛార్జరు. క్యూఆర్ కోడ్ పెట్టాలనుకుంటే బయటికెళ్లే తలుపు దగ్గర పెట్టండి, ఇంటికెళ్లి తాపీగా తిప్పి చూసుకుంటారు.

హెడ్‌సెట్లు ఎందుకు వద్దన్నానంటే, ధర ఒక్కటే కారణం కాదు. ఒకరి చెమట తుడిచి ఇంకొకరికి తొడిగి సరిచేసేలోపు ఐదు నిమిషాలు పోతాయి, పెట్టుకున్నవాడు చూసేది పక్కవాడికి కనిపించదు. మ్యూజియంలో మనుషులు గుంపుగా నేర్చుకుంటారు, ఒకరు అడిగింది పదిమంది వింటారు. ఇక రెండోది ఆయుష్షు. డెట్రాయిట్ ఆర్ట్ మ్యూజియంలో 2017 జనవరిలో మంచి ప్రయోగం చేశారు. ఒక ఫోన్ ఇచ్చి ఈజిప్టు మమ్మీ మీద పట్టుకోమనేవారు, గుడ్డల లోపలి అస్థిపంజరం ఎక్స్‌రేలా కనిపించేది. మమ్మీని విప్పకుండానే లోపలిది చూపించారు, దీన్ని మించిన ఆలోచన నేను చూడలేదు. కానీ అది నడిచింది గూగుల్ టాంగో అనే ఫోన్ ఏఆర్ వ్యవస్థ మీద. 2018 మార్చిలో గూగుల్ టాంగోనే మూసేసింది. మైక్రోసాఫ్ట్ హోలోలెన్స్ హెడ్‌సెట్ విడుదలైనప్పుడు అమెరికాలో వైద్య కళాశాలలు దానితో అనాటమీ పాఠాలు కట్టుకున్నాయి, 2024లో దాని తయారీ ఆపేశారు. ఏఆర్ బొమ్మలు చేసుకునే మెటా స్పార్క్ 2025 జనవరిలో పోయింది. మీ జార్ వందేళ్లుంటుంది, ఈ కంపెనీల మోజు ఐదేళ్లు. అందుకని మోడళ్లను జీఎల్‌బీ (ఒక రకం త్రీడీ ఫైలు) లాంటి, ఎక్కడైనా తెరుచుకునే ఫార్మాట్‌లో కాలేజీ దగ్గరే పెట్టుకోండి. అది కాంట్రాక్టులో రాయించండి. వెండర్ వెళ్లిపోతే చూపించే సాఫ్ట్‌వేర్ మారుతుంది, బొమ్మలు మిగులుతాయి.

మేనేజ్‌మెంటుకు ఇంకో మాట కూడా చెప్పొచ్చు. ఆస్ట్రేలియాలో బాండ్ యూనివర్సిటీ వాళ్లు 2017లో 59 మందికి పుర్రె అనాటమీని మూడు రకాలుగా చెప్పి చూశారు: వర్చువల్ రియాలిటీ (హెడ్‌సెట్‌లో చుట్టూ అంతా బొమ్మల లోకమే), ఆగ్మెంటెడ్ రియాలిటీ, మామూలు ట్యాబులో త్రీడీ బొమ్మ. తర్వాత పెట్టిన పరీక్షలో మార్కులు మూడింటికీ దాదాపు ఒకేలా వచ్చాయి. వర్చువల్ రియాలిటీ గుంపుకు మాత్రం తలనొప్పి, తల తిరగడం ఎక్కువ. ఖరీదైనదైతే బాగా ఎక్కుతుందనే లెక్క ఇక్కడ పనిచేయదు.

మోడళ్లు కొనడం కన్నా చేసుకోవడం మేలు. మీ రేడియాలజీ డిపార్ట్‌మెంట్‌లో స్కాన్లున్నాయి, స్కాన్ నుంచి మోడల్ చేసే త్రీడీ స్లైసర్ ఉచితం, దాన్ని చక్కదిద్దే బ్లెండర్ ఉచితం. కంప్యూటర్ పిచ్చి ఉన్న ఫస్టియర్, సెకండియర్ పిల్లలు ఇద్దరు దొరికితే నెలలో నేర్చుకుంటారు. పొడి ఎముకలైతే తిరిగే పీట మీద పెట్టి చుట్టూ వంద, నూటయాభై ఫొటోలు తీస్తే మోడల్ తయారవుతుంది. జార్‌లో ఉన్నదాన్ని అలా తీయడానికి ప్రయత్నించకండి, గాజు మీద మెరుపులకు సాఫ్ట్‌వేర్ పిచ్చెక్కుతుంది. ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు ఒక అక్షం తిరగబడి కుడి ఎడమగా మారే ప్రమాదముంది. ప్రతి మోడల్‌నీ ఒక అనాటమీ మనిషి, ముందు తెలియని కళ్లతో చూసే ఒక ఫస్టియర్ పిల్ల తనిఖీ చేయాలి. పిల్లను మర్చిపోవద్దు, నాకు బుద్ధొచ్చింది అక్కడే.

ఒక చిక్కు గురించి మీరు అడగలేదు, నేనే చెప్పాలి. మన మ్యూజియం తలుపు మీద "ఫొటోలు తీయరాదు" అని ఉంటుంది. లోపలికెళ్లాక మనమే "కెమెరా పట్టండి" అంటాం. ఫోన్లు వద్దనడానికి ఇదీ కారణమే. మా ట్యాబుల్లో స్క్రీన్‌షాట్, రికార్డింగ్ రెండూ పనిచేయకుండా చేయించాం, డెవలపర్‌కి అది పది నిమిషాల పని. కార్డును కూడా జార్ ఫ్రేములో పడని కోణంలో పెట్టాం.

స్కాన్ తీసుకుంటే అందులో పేషెంటు పేరు, వయసు, తేదీ దాగి ఉంటాయి, అవి తుడిపించాలి. తల స్కానైతే చర్మం పొర ఉంచితే ముఖం గుర్తుపట్టేలా తయారవుతుంది, ఆ పొర తీసేయాలి. దేహదానం చేసినవాళ్లు డిసెక్షన్‌కు ఒప్పుకున్నారు, ఇంటర్నెట్‌కు కాదు. కుటుంబాన్ని విడిగా అడగండి. ఇవి చాదస్తాలు అనిపిస్తే లండన్ హంటేరియన్ మ్యూజియం సంగతి చూడండి. చార్లెస్ బర్న్ అనే ఏడున్నర అడుగులకు పైబడిన మనిషి, తన శరీరాన్ని సర్జన్లకు ఇవ్వొద్దని, సముద్రంలో కలపమని చెప్పి 1783లో చనిపోయాడు. జాన్ హంటర్ అనే సర్జన్ ఎలాగోలా ఆ శవాన్ని సంపాదించాడు. రెండు శతాబ్దాలకు పైగా ఆ అస్థిపంజరాన్ని జనం చూశారు. 2023లో మ్యూజియం మళ్లీ తెరిచినప్పుడు దాన్ని ప్రదర్శన నుంచి తీసేశారు. అమెరికా వాళ్ల విజిబుల్ హ్యూమన్ డేటా (శవాన్ని పల్చటి పొరలుగా కోసి తీసిన చిత్రాలు) మీరు ఉచితంగా దించుకోవచ్చు, 1994లో వచ్చిన ఆ మగ శరీరం టెక్సాస్‌లో మరణశిక్ష పడిన ఖైదీది. వాడొద్దనడం లేదు. "ఎవరిదండీ?" అని అడిగే పిల్లకు నిజం చెప్పగలగాలి. పిండాల జార్లకు మాత్రం నేను ఏఆర్ పెట్టనివ్వలేదు, పెట్టనివ్వను కూడా. గర్భం పోగొట్టుకున్న ఆడవాళ్లు కూడా ఎగ్జిబిషన్‌కు వస్తారు, వాళ్ల ముందు ఆ పిండాన్ని కదిలించి చూపించడం నాకు మనస్కరించలేదు.

చివరగా గొంతు సంగతి. ట్యాబులో వివరణ రికార్డు చేయడానికి మేం ముందు మా లెక్చరర్ చేత మాట్లాడించాం. "ప్లీహం, క్లోమం" అని మొదలుపెట్టాడు, పిల్లలు ఇంగ్లీషు మీడియం వాళ్లు, పెద్దలు పల్లెటూరి వాళ్లు, ఇద్దరికీ ఎక్కలేదు. తర్వాత డిసెక్షన్ హాల్లో ముప్ఫై ఏళ్లుగా పనిచేస్తున్న మా అటెండరు చేత చెప్పించాం. మలేరియా టేబుల్ దగ్గర ఆయన, "జ్వరాలొచ్చి కడుపులో బల్ల పెరిగిందంటారు సూడు, ఆ బల్ల ఇదే. దీన్ని సదువుకున్నోళ్లు స్ప్లీన్ అంటారు" అని చెప్పాడు. ఒక్క టేకులో అయిపోయింది. ఆయన గొంతే ఉంచాం. గోల ఎక్కువగా ఉంటే వినపడదు కాబట్టి అవే మాటలు తెర మీద అక్షరాల్లోనూ వస్తాయి.

మీ మూడు నెలల్లో మొదటి నెల నోట్‌బుక్‌కే ఇవ్వండి. మీ మ్యూజియంలో జార్ల నంబర్లున్న పాత క్యాటలాగు ఉంటే దాని పేజీలు, మీరు రాసుకున్న ప్రశ్నలు ఇక్కడే కింద పెట్టండి. ఏ ఐదింటిని తీసుకోవచ్చో నేనూ చూసి చెబుతాను.